చేప నెత్తురు చెప్పే సాక్ష్యం

చేపకు కాన్సర్ వస్తుందా? ఈ ప్రశ్న వినగానే నవ్వేవారే ఎక్కువ. మన పెద్దలు రాచపుండు అని పిలిచిన ఆ వ్యాధి మనుషులకే, అందులోనూ వయసు మళ్ళినవారికే పరిమితమైనదని సామాన్యంగా ఒక అభిప్రాయం ఉన్నది. కాని వెన్నెముక గల జంతువులలో ఏ తరగతీ ఈ వ్యాధికి అతీతం కాదు. చేపల కాలేయానికి వచ్చే కాన్సరును గురించి శాస్త్రజ్ఞులు అరవై ఏళ్ళకు పైగా శ్రద్ధగా పరిశోధిస్తున్నారు. ఆ పరిశోధనల వెంట ఒక ప్రశ్న నీడలా నడుస్తూ వచ్చింది. చేపను కోయకుండా, నాలుగు చుక్కల నెత్తురు తీసి చూసి, దాని కాలేయంలో కాన్సర్ ఉన్నదో లేదో చెప్పగలమా?

నెత్తుటిలో వ్యాధిని పట్టిచ్చే పదార్థాన్ని ఇంగ్లీషు వైద్య గ్రంథాలు 'మార్కర్' అంటాయి. అనువాదం వృత్తిగా గలవారికి ఈ మాట చిక్కు తెచ్చిపెడుతుంది. గుర్తు, చిహ్నం, సూచిక అని ఎన్ని విధాల చెప్పినా ఏదో కొరత మిగిలే ఉంటుంది. నాకు మాత్రం 'ఆనవాలు' అనే మన పాతమాటే తగినదని తోస్తుంది. అశోకవనంలో హనుమంతుడు సీతకు చూపిన ఉంగరం ఆనవాలు. ఉంగరమే రాముడు కాదు. అయితే అది రాముడి వద్దనుంచి తప్ప మరెక్కడినుంచీ రాలేదు. ఈ రెండవ లక్షణం లేకపోతే అది వట్టి ఉంగరం. రక్తపరీక్షలన్నిటికీ గీటురాయి ఇదే. దొరికిన పదార్థం ఆ వ్యాధినుంచి మాత్రమే వచ్చిందా, లేక ఇంకెక్కడినుంచైనా వచ్చి ఉండవచ్చునా?

ఈ ప్రశ్నను మనస్సులో ఉంచుకొని 1960వ సంవత్సరపు అమెరికాకు వెళదాం.

ఆ దేశపు పడమటి రాష్ట్రాలలో రెయిన్‌బో ట్రౌట్ అనే చేపను పెంపక కేంద్రాలలో విరివిగా పెంచుతారు. చల్లని ఏటి నీటిలో బ్రతికే చేప. పక్కల వెంబడి గులాబి రంగు చార ఉంటుంది. తెల్లదొరలు మన నీలగిరుల ఏరులలోకి తెచ్చి వదిలింది కూడా ఈ జాతినే. అంతకుముందు ఈ చేపలకు పచ్చి మాంసం, కాలేయపు ముక్కలు మేతగా వేసేవారు. 1950లలో వాటి స్థానంలో ఎండు గుళికల మేత వచ్చింది. ఖర్చు తక్కువ, నిల్వ సులభం. ఆ గుళికలలో ఉండే దినుసులలో పత్తిగింజల చెక్క పొడి ఒకటి.

1960లో ఈ కేంద్రాలలోని ట్రౌట్ చేపలను కోసి చూసినవారికి కాలేయాలలో కంతులు కనిపించాయి. ఒకటి రెండు చేపలలో అయితే వింతగా భావించి ఊరుకునేవారే. కాని అవి గుంపులు గుంపులుగా బయటపడ్డాయి. అంటువ్యాధి కాబోలునని కొందరు అనుమానించారు. కాన్సర్ ఉన్న ట్రౌట్లు తమ సరిహద్దు దాటి రాకుండా కాలిఫోర్నియా రాష్ట్రం ఆంక్షలు విధించింది. ఏరులలో స్వేచ్ఛగా తిరిగే ట్రౌట్లలో ఈ వ్యాధి జాడ లేదు. కేంద్రాలలో గుళికలు తిన్నవాటిలోనే ఉన్నది. చూపు సహజంగానే మేతవైపు మళ్ళింది.

సరిగ్గా అదే సంవత్సరం, అట్లాంటిక్ సముద్రానికి ఇవతల, ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీకోళ్ళు కారణం తెలియకుండా చనిపోయాయి. జబ్బుకు పేరు కూడా దొరకక 'టర్కీ ఎక్స్' వ్యాధి అన్నారు. ఆరాతీయగా, వాటి దాణాలో బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ పిండి కలిసి ఉన్నట్టు, ఆ పిండికి బూజు పట్టినట్టు తేలింది. ఆ బూజు పేరు ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్. అది విడిచిన విషానికి ఆ పేరులోని అక్షరాలనే కలిపి 'అఫ్లాటాక్సిన్' అని నామకరణం చేశారు. అతినీలలోహిత కాంతిలో ఈ విషం నీలంగానో ఆకుపచ్చగానో మెరుస్తుంది. పగటి వెలుతురులో దానికి రంగూ లేదు, చెప్పుకోదగిన రుచీ లేదు.

ఇంగ్లండులో కోళ్ళను చంపిన విషమే అమెరికాలో ట్రౌట్ల కాలేయాలను కాన్సరు పాలు చేసిందని కొద్ది సంవత్సరాలలోనే రుజువయింది. పత్తిచెక్కకు పట్టిన బూజే దానికి మూలం. ట్రౌట్ కాలేయం ఈ విషానికి ఎంతగా లొంగుతుందంటే, వెయ్యి టన్నుల మేతలో, అంటే వంద లారీల మేతలో, ఒక్క గ్రాము విషం కలిసినా చాలు. ఏడాది తిరిగి కొన్ని నెలలయ్యేసరికి కొన్ని చేపలలో కంతులు లేస్తాయి. ప్రయోగశాలలలో ఇంత సున్నితమైన జీవులు అరుదు. విచిత్రమేమంటే ట్రౌటుకు దగ్గరి చుట్టమైన కోహో సాల్మన్ ఇదే మేత తిన్నా చాలావరకు తట్టుకుంటుంది. ఎలుక లొంగుతుంది, పెరిగిన చిట్టెలుక అంతగా లొంగదు. విషం నేరుగా హాని చేయదు. కాలేయంలోని ఎంజైములు దానిని విరిచి వదిలించుకోబోయే క్రమంలో ఇంకా తీవ్రమైన రూపంలోకి మారుస్తాయి. ఆ రూపం కణంలోని డి.ఎన్.ఎ.కు అతుక్కుంటుంది. ఏ జీవి కాలేయం ఈ పనిని ఎంత చురుకుగా చేస్తుంది, చేసిన తరువాత ఎంత త్వరగా శుభ్రపరుచుకుంటుంది అన్నదానిపై ఆ జీవి భవితవ్యం ఆధారపడి ఉంటుంది.

ఇక్కడ మన ప్రశ్న మళ్ళీ ముందుకు వస్తుంది. ఆ ట్రౌట్లలో వ్యాధి ఉన్నదని ఎలా తెలిసింది? కోసి చూస్తే తెలిసింది. కంతి బాగా పెరిగేవరకు చేప పైకి మామూలుగానే ఉంటుంది, ఈదుతుంది, మేత తింటుంది. కోసిన తరువాత వ్యాధి తెలిసి ఆ చేపకు ఒరిగేదేమీ లేదు. బ్రతికి ఉండగానే నెత్తుటితో తెలుసుకోగలిగితే ఒకే చేపను నెలల తరబడి గమనించవచ్చు. వ్యాధి ఎప్పుడు మొలిచింది, ఎప్పుడు ముదిరింది గుర్తించవచ్చు.

ఈ ఆశకు అప్పట్లోనే ఒక ఊతం దొరికింది. 1963లో మాస్కోలో గారీ అబెలెవ్ అనే శాస్త్రజ్ఞుడు, కాలేయ కాన్సర్ ఉన్న చిట్టెలుకల నెత్తుటిలో ఒక వింత మాంసకృత్తును కనుగొన్నాడు. అది గర్భస్థ పిండం కాలేయంలో తయారై, పుట్టిన తరువాత దాదాపు అదృశ్యమయ్యే పదార్థం. కాన్సర్ కణం తన బాల్యాన్ని జ్ఞాపకం చేసుకొన్నట్టుగా దానిని మళ్ళీ తయారుచేస్తున్నది. మరుసటి ఏడాది, 1964లో, యూరీ తతారినొవ్ అదే పదార్థాన్ని కాలేయ కాన్సర్ రోగుల నెత్తుటిలో చూశాడు. దాని పేరు ఆల్ఫా ఫీటోప్రొటీన్. నెత్తుటి ద్వారా కాన్సరును పసికట్టవచ్చునన్న నమ్మకానికి ఇది పునాదులలో ఒకటి. నేటికీ వైద్యులు ఈ పరీక్ష వాడుతున్నారు.

అయితే అబెలెవ్ ఉంగరం మచ్చలేనిది కాదు. మన తర్కశాస్త్రంలో పొగను చూసి నిప్పును ఊహించే ప్రసిద్ధమైన ఉదాహరణ ఒకటి ఉన్నది. కొండమీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పున్నదని అనుమానప్రమాణంతో నిశ్చయిస్తాం. అయితే ఆ శాస్త్రకారులే రెండు హెచ్చరికలు కూడా చేశారు. పొగమంచును చూసి పొగ అని భ్రమించవచ్చు. ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పున్నా పొగ ఉండదు. ఆల్ఫా ఫీటోప్రొటీన్ విషయంలో ఈ రెండూ నిజమే. గర్భిణులలో, కాలేయపు వాపు ఉన్నవారిలో కాన్సర్ లేకుండానే అది పెరగవచ్చు. కాన్సర్ ఉన్నవారిలో కొందరికి, ముఖ్యంగా కంతి చిన్నదిగా ఉన్నప్పుడు, అది పెరగకపోవచ్చు. అందుకే కాలేయం గట్టిపడిన రోగులను ఆరు నెలలకొకసారి పరీక్షించే వైద్యులు అల్ట్రాసౌండ్ పరీక్షపై ఆధారపడతారే గాని నెత్తురొక్కదానినే నమ్ముకోరు.

చేప దగ్గరకు వచ్చేసరికి ఈ చిక్కులు రెట్టింపవుతాయి. మనిషి ప్రొటీనును పట్టుకోవడానికి తయారుచేసిన పరీక్ష చేప ప్రొటీనును గుర్తించాలని లేదు. ఇక మిగిలేవి ఎంజైములు. కాలేయ కణాలు దెబ్బతిన్నప్పుడు వాటిలోని కొన్ని ఎంజైములు నెత్తుటిలోకి కారతాయి. మన ఆసుపత్రులలో కామెర్ల రోగికి చేసే పరీక్ష ఇదే. చేప తోక దగ్గరి నరంలోంచి నెత్తురు తీసి ఈ ఎంజైములను కొలవవచ్చు. కాని వలలో చిక్కి గిలగిల కొట్టుకున్న చేపలో కండరాలు నలిగి, వాటినుంచి కూడా అవే ఎంజైములలో కొన్ని వెలువడతాయి. పట్టుకున్న బెదురుకే నెత్తుటిలోని చక్కెర, హార్మోన్లు తారుమారవుతాయి. నీటి వేడిమి, గుడ్లు పెట్టే ఋతువు, కడుపులో మేత ఉండటం లేకపోవడం, ఒక్కొక్కటీ లెక్కను మారుస్తుంది. పైగా ఎంజైము పెరిగితే కాలేయానికి దెబ్బ తగిలిందని మాత్రమే తెలుస్తుంది. ఆ దెబ్బ కాన్సరుదా, పరాన్నజీవిదా, నిన్న తిన్న విషానిదా అన్నది తెలియదు. ఇది పొగో పొగమంచో తేలని స్థితి. అందువల్ల చేప కాలేయంలో కాన్సర్ ఉన్నదని నిర్ధారించడానికి నేటికీ నమ్మదగిన మార్గం కాలేయపు పొరను కోసి సూక్ష్మదర్శినిలో చూడటమే.

ఇంతటితో కథ ముగిస్తే చేప నెత్తురు మూగదని అనుకోవలసి వస్తుంది. అది మూగది కాదు. మనం అడిగిన ప్రశ్న దానికి కఠినమైనది. మరొక ప్రశ్న అడిగితే చక్కగా జవాబు చెబుతుంది. 'నీకు కాన్సర్ వచ్చిందా?' అని కాక 'నీవు ఏ నీటిలో బ్రతికావు, ఏమి తిన్నావు?' అని అడగాలి.

మన నెత్తుటిలోని ఎర్రకణాలకు కేంద్రకం ఉండదు. చేప ఎర్రకణాలకు ఉంటుంది. జన్యుపదార్థాన్ని విరిచే విషాలు నీటిలో ఉంటే ఆ కేంద్రకంలోంచి తునక ఊడి, కణంలో ఒక చిన్న చుక్కలా విడిగా కనిపిస్తుంది. గాజుపలకపై ఒక్క చుక్క నెత్తురు పరచి, రంగు వేసి, ఇటువంటి కణాలను లెక్కపెట్టవచ్చు. చేప చనిపోనక్కరలేదు. కాన్సర్ రానూ అక్కరలేదు. విషం తగిలిన సంగతి ముందే తెలుస్తుంది.

ఇంతకన్న స్పష్టమైన ఆనవాలు మరొకటి ఉన్నది. ఆడచేప గుడ్డులోని సొనకు కావలసిన ప్రొటీనును దాని కాలేయమే తయారుచేసి నెత్తుటిలోకి వదులుతుంది. దాని పేరు వైటెలోజెనిన్. మగచేపకు దానితో పని లేదు. 1994లో వెలువడిన ఒక పరిశోధనలో, బ్రిటన్‌లో శుద్ధిచేసిన మురుగునీరు నదిలో కలిసేచోట బోనులలో ఉంచిన ట్రౌట్లలో, మగవాటి నెత్తుటిలో కూడా ఈ గుడ్డుసొన ప్రొటీను పుష్కలంగా కనిపించింది. ఆ నీటిలో స్త్రీ హార్మోనువలె పనిచేసే పదార్థాలు ఉన్నాయన్నమాట. ఇది కాన్సరుకు ఆనవాలు కాదు. కాని ఆనవాలు ఎలా ఉండాలో దీన్ని చూసి నేర్చుకోవచ్చు. మగచేప నెత్తుటిలో అది అంతగా ఉండటానికి మరొక దారి లేదు.

కారణాన్ని పట్టుకొని తొలగిస్తే ఏమి జరుగుతుందో చెప్పే నది ఒకటి అమెరికాలోనే ఉన్నది. ఒహాయో రాష్ట్రంలో లోరెయిన్ అనే ఊరివద్ద ఈరీ సరస్సులో కలిసే ఏరు పేరు బ్లాక్ రివర్. దాని ఒడ్డున బొగ్గును కాల్చి ఉక్కు పరిశ్రమకు కోక్ తయారుచేసే కర్మాగారం ఒకటి ఉండేది. అక్కడి తారుజాతి రసాయనాలు ఏటి అడుగు బురదలో పేరుకున్నాయి. ఆ బురదలోనే పొర్లి, అక్కడే మేతను వెదుక్కునే మీసాల చేప బ్రౌన్ బుల్‌హెడ్. మన ఏటి జెల్లవంటిదని చెప్పుకోవచ్చు. 1980ల మొదట్లో ఈ చేపలలో కాలేయ కాన్సర్ విపరీతంగా కనిపించింది. 1983లో కర్మాగారం కోక్ తయారీ నిలిపివేసింది. బురదలోని విషాలు బాగా తగ్గాయి. 1987 నాటికి చేపల కాలేయ కాన్సర్ 1982లో ఉన్నదానిలో దాదాపు నాలుగో వంతుకు దిగివచ్చింది. చేపలకు ఎవరూ మందు వేయలేదు. 1990లో పూడిక తీసినప్పుడు అడుగున పడి ఉన్న పాత బురద కదిలి కాన్సర్ మళ్ళీ పెరిగింది; కొన్నేళ్ళకు మళ్ళీ తగ్గింది. బురద చెప్పినట్టు కాలేయం విన్నది.

ఇదంతా చేపల గొడవ, మనకెందుకు అనుకోవద్దు. అఫ్లాటాక్సిన్ ట్రౌట్ కాలేయంలో చేసే పనే మన కాలేయంలోనూ చేస్తుంది. మన వద్ద కూడా నెత్తురు ఆ విషానికి ఆనవాలు దాచి ఉంచుతుంది. విషం కాలేయంలో రూపు మారినప్పుడు అందులో కొంత నెత్తుటిలోని ఆల్బుమిన్ అనే ప్రొటీనుకు అతుక్కుంటుంది. ఆల్బుమిన్ కొన్ని వారాలపాటు నెత్తుటిలో నిలుస్తుంది గనుక, ఒక్కసారి నెత్తురు తీసి చూస్తే గడిచిన రెండు మూడు నెలలలో ఆ మనిషి ఎంత బూజువిషం తిన్నాడో అంచనా కట్టవచ్చు. అఫ్లాటాక్సినుతో అంటుకున్న ఆల్బుమిన్ అఫ్లాటాక్సిన్ తిన్నవాడిలో తప్ప మరెవరిలోనూ ఉండదు. మనం వెదుకుతున్న ఉంగరం ఇదే.

ఈ ఆనవాలు విలువ చైనాలో తేలింది. యాంగ్‌ట్సీ నది సముద్రంలో కలిసేచోట చీడాంగ్ అనే ప్రాంతం ఉన్నది. అక్కడివారి ముఖ్యాహారం మొక్కజొన్న. తేమ గాలిలో దానికి బూజు పట్టేది. కాలేయ కాన్సర్ అక్కడ ఇంటింటి భయంగా ఉండేది. 1980లలో ఆర్థిక సంస్కరణల తరువాత వారు క్రమంగా మొక్కజొన్న విడిచి బియ్యం తినసాగారు. పరిశోధకులు పాతకాలం నుంచి దాచి ఉంచిన నెత్తుటి నమూనాలను వరుసగా పరీక్షించి 2013లో ఫలితాలు ప్రకటించారు. 1989లో దండిగా ఉన్న ఆనవాలు 2009 నాటికి పరికరానికి అందనంతగా తగ్గింది. తగ్గుదల నలభై రెట్లకు పైమాటే. ముప్పై అయిదేళ్ళ లోపువారిలో కాలేయ కాన్సర్ మరణాలు సగానికి పైగా తగ్గాయి. కాలేయ కాన్సరుకు మరో ముఖ్య కారణమైన హెపటైటిస్ బి వైరస్‌కు పురిటిబిడ్డలందరికీ టీకా వేయడం మొదలుకాకముందు పుట్టినవారు వీరంతా. కాబట్టి ఈ మేలును టీకా ఖాతాలో వేయలేము. కంచంలోని తిండి మారింది. నెత్తుటిలో ఆనవాలు మాసింది. తరువాత చావులు తగ్గాయి.

మన దేశానికి ఈ విషం కొత్తది కాదు. 1974లో అకాల వర్షాలకు తడిసిన మొక్కజొన్న తిని రాజస్థాన్‌లోని బాన్స్‌వాడా, గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాలలో గిరిజనులు కామెర్లతో మంచం పట్టారు. వ్యాధి సోకినవారిగా నమోదైన 397 మందిలో 106 మంది మరణించారు. ఆ ఇళ్ళలో అదే తిండి తిన్న కుక్కలు కూడా జబ్బుపడ్డాయి. దీనిని పరిశోధించి కారణం తేల్చినవారిలో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు ఉన్నారు. అది ఒక్కసారిగా మీదపడిన విషప్రయోగం. కొద్దికొద్దిగా, ఏళ్ళతరబడి లోపలికి పోయేది ఇంతటి సంచలనం కలిగించదు. అందుకే అది ఎక్కువ ప్రమాదకరం.

తెలుగునాట ఈ సంగతి నేరుగా తగిలేది వేరుశనగ రైతుకు. అనంతపురంవంటి మెట్ట ప్రాంతాలలో పంట చివరి రోజులలో వాన మొగం చాటేస్తే, బెట్టకు నేలలోనే కాయకు ఈ బూజు చేరుతుంది. పీకిన కాయ సరిగా ఎండకపోయినా, ఒలిచే యంత్రానికి అనువుగా ఉంటుందని కాయను తడిపినా బూజు విజృంభిస్తుంది. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ సంస్థ ఈ విషాన్ని చవకగా పట్టుకునే పరీక్షలను రూపొందించి, రైతుకు చెబుతున్న ముఖ్యమైన మాట కూడా ఇదే: త్వరగా ఎండబెట్టండి, ముడుచుకుపోయిన గింజలను, బూజు పట్టిన గింజలను ఏరివేయండి, తడి తగలని చోట నిల్వ ఉంచండి.

ఏరివేసిన గింజ ఎక్కడికి పోతుందన్నది తరువాతి ప్రశ్న. గానుగకు పోతే, శుద్ధిచేసిన నూనెలో విషం మిగలదు గాని చెక్కలో మిగులుతుంది. ఆ చెక్క పశువు తింటే రూపు మార్చుకొని పాలలోకి వస్తుంది. కొల్లేటి చుట్టుపక్కల చేపల చెరువులలో కర్రలకు కట్టిన చిల్లుల సంచులలో నూనె తీసిన తవుడుతోపాటు వేరుశనగ చెక్క, పత్తిచెక్క మేతగా పెట్టడం మనకు తెలిసినదే. మన రోహు, బొచ్చెలు ట్రౌట్లవలె లొంగుతాయని ఎవరూ భయపడనక్కరలేదు. చేపకూ చేపకూ ఎంత తేడా ఉంటుందో కోహో సాల్మన్ చెప్పనే చెప్పింది. కాని 1960లో అమెరికా కేంద్రాలలో మేత సంచి విప్పి చూడని నిర్లక్ష్యం మాత్రం ఏ దేశపు చెరువుగట్టు మీదనైనా నిర్లక్ష్యమే.

కాలేయ కాన్సరును తొలిదశలోనే పట్టిచ్చే నెత్తుటి ఆనవాళ్ళకోసం అన్వేషణ సాగుతూనే ఉన్నది, సాగవలసిందే. వ్యాధి వచ్చినవారికి అదే ఆశ. అయితే చేపల చరిత్ర చదివినవారికి మరొక సంగతి స్పష్టమవుతుంది. కాన్సర్ ఉన్నదని చెప్పే నెత్తురు ఎంత త్వరగా చెప్పినా కొంత ఆలస్యంగానే చెబుతుంది. విషం తగిలిందని చెప్పే నెత్తురు ఏళ్ళ ముందుగా చెబుతుంది, ఆ విషం వచ్చిన దారిని కూడా చూపుతుంది. ట్రౌట్ విషయంలో ఆ దారి మేత సంచికి, బుల్‌హెడ్ విషయంలో ఏటి బురదకు, చీడాంగ్ ప్రజల విషయంలో మొక్కజొన్న గాదెకు చేర్చింది. ఆ మూడు చోట్లా పని జరిగింది ఆసుపత్రి వెలుపలే. మన ఇంట్లో వేరుశనగ డబ్బా మూత తీసినప్పుడు ముక్కిపోయిన వాసన వస్తే, 'వేయిస్తే పోతుందిలే' అనుకోకండి. వేపుడుకు ఆ విషం పూర్తిగా పోదు. బూజు గింజ పారవేయడం వల్ల నష్టపోయేది గుప్పెడు వేరుశనగలే.